కారుకు చిన్న దెబ్బ తగిలినపుడు భీమా సొమ్ము రాబట్టుకొనుట యెట్లు?

ఒకప్పుడు మన పల్లెలలో ఎద్దుల బండి కలిగిన ఇల్లు కలవారి ఇల్లు. బండి ఇరుసు విరిగినచో వడ్రంగిని, చక్రము పట్టా సడలినచో కమ్మరిని పిలిచి బాగుచేయించుకొనెడివారు. కళ్లములో నాలుగు కుంచములు ధాన్యము కొలిచిన ఆ లెక్క తీరిపోయెడిది. నేడట్లు కాదు. పాలు పోసి, టమోటా పండించి, మామిడి తోట గుత్తకిచ్చి కూడబెట్టిన సొమ్ముతో రైతులు కార్లు, చిన్న సరకు బండ్లు కొనుచున్నారు. ఏటేట వేలాది రూపాయలు భీమా కంపెనీకి కట్టుచున్నారు. కాని బంపరు పగిలిననాడు, తలుపు సొట్టపోయిననాడు, ఆ కట్టిన సొమ్మునకు తగిన ఫలము పొందువారు కొద్దిమందే. కొందరు అడుగుట తెలియక పోగొట్టుకొనుచున్నారు. కొందరు తొందరపడి అడిగి నష్టపోవుచున్నారు. మరికొందరు అడిగిన తీరులో చేసిన పొరపాటు వలన న్యాయముగా రావలసినదికూడ జారవిడుచుకొనుచున్నారు.

పంట భీమా సంగతి రైతులకు తెలిసినదే. వడగండ్లు పడినచో 72 గంటలలోగా కబురు చేయవలెనని, చేను చూచువరకు ఆనవాళ్లు చెరపరాదని అధికారులు చెప్పుచుందురు. కారు భీమా కూడ ఆ పద్ధతిలోనిదే. కబురు చేయుట, చూపుట, లెక్క కట్టించుట, సొమ్ము పొందుట అను నాలుగు మెట్లు ఇందులోను ఉన్నవి. వాటిని ఒక్కొక్కటిగా తెలిసికొందము.

మీ కాగితములో ఏమున్నది?

మోటారు భీమా రెండు విధములు. మొదటిది ఇతరులకు కలిగిన నష్టమునకు చెల్లించునది. దీనినే థర్డ్ పార్టీ భీమా అందురు. మన దేశములో 1939 నాటి మోటారు వాహనముల చట్టము క్రింద 1946 జూలై 1 నుండి ఇది నిర్బంధమైనది. ఇప్పుడు అమలులోనున్న 1988 చట్టములోని 146వ సెక్షను ప్రకారము ఇది లేక బండి రోడ్డెక్కరాదు. 2019 సవరణ తరువాత, భీమా లేక పట్టుబడిన మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును.

రెండవది మన బండికి కలిగిన నష్టమునకు చెల్లించునది. దీనిని ఓన్ డామేజి అందురు. ఇది నిర్బంధము కాదు. రెండును కలిసిన పాలసీకి ప్యాకేజి పాలసీ అని, కాంప్రిహెన్సివ్ పాలసీ అని పేరు.

ఇందులో జాగ్రత్త పడవలసిన విషయమొకటి కలదు. 2018 సెప్టెంబరు నుండి క్రొత్త కారు కొన్నపుడే మూడేండ్లకు థర్డ్ పార్టీ భీమా తీసుకొనవలెను. కాని సొంత నష్టపు భాగము తరచుగా ఒక్క సంవత్సరమునకే ఉండును. మూడేండ్ల కాగితము చేతిలో ఉన్నది గదా అని రెండవ యేట సొంత నష్టపు భాగమును పునరుద్ధరింపని వారికి, కారు సొట్టపోయిననాడు ఒక్క రూపాయియు రాదు. కనుక ఈ వ్యాసము చదువుట ముగిసిన వెంటనే మీ పాలసీ తీసి, రెండు భాగముల గడువు తేదీలను వేరువేరుగా చూచుకొనుడు.

దెబ్బ తగిలిన చోట చేయవలసినవి

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. పాతదానిపై దిగుట, క్రొత్తదానిపై ఎక్కుట నేటి ఏర్పాటు. ఎదురుబండి లేకున్నను మలుపులో ముందు బండి ఆగినపుడు వెనుక బండి దానికి తగులుట కద్దు. మదనపల్లె నుండి పీలేరు, చంద్రగిరి మీదుగా తిరుపతికి వచ్చు దారిలోనైతే ఎనుములో, మేకలో అడ్డము రావచ్చును. ఎక్కడ జరిగినను చేయవలసిన పనులు ఒక్కటే.

మొదట బండి ఆపవలెను. మనుష్యులకు దెబ్బ తగిలినదేమో చూడవలెను. తగిలినచో 108కి ఫోను చేయవలెను. జాతీయ రహదారిపై 1033కి కూడ చెప్పవచ్చును. గాయపడినవారికి వైద్యము అందించుట, పోలీసులకు తెలియజేయుట చట్టములోని 134వ సెక్షను డ్రైవరుపై పెట్టిన బాధ్యత. సాయము చేసిన దారినపోవు వారిని వేధింపరాదని 2019 సవరణలో 134-ఏ సెక్షను చేర్చినారు. కాబట్టి సాయపడుటకు ఎవరును జంకనక్కరలేదు.

తరువాత, బండ్లను కదల్చక ముందే సెల్ ఫోనుతో ఫొటోలు తీయవలెను. రెండు బండ్ల నంబరు పలకలు, తగిలిన చోటు, పగిలిన ముక్కలు, రోడ్డు, దగ్గరనున్న మైలురాయి లేక బోర్డు వీనిలో పడవలెను. ఘాట్ రోడ్డుపై రాకపోకలకు అడ్డమగునట్లు నిలుపరాదు గనుక రెండు మూడు ఫొటోలు త్వరగా తీసి బండిని ప్రక్కకు తీయుట మంచిది. ఎదుటి బండి నంబరు, డ్రైవరు పేరు, భీమా కంపెనీ పేరు, చూచినవారిద్దరి పేర్లు ఒక కాగితముపై వ్రాసికొనవలెను.

అక్కడ చేయగూడని పని యొకటున్నది. నడిరోడ్డుపై నలుగురు మూగి, “తప్పు నీది, పదివేలు పెట్టు” అని గద్దించినపుడు తగవు తీరిన చాలునని సొమ్మిచ్చుట, తప్పు ఒప్పుకొని కాగితము వ్రాసి యిచ్చుట మనవారికి అలవాటు. కంపెనీ వ్రాతమూలకమైన అంగీకారము లేక తప్పు ఒప్పుకొనుట గాని, సొమ్ము ఇత్తునని మాట యిచ్చుట గాని పాలసీ షరతులకు విరుద్ధము. ఆ ఇచ్చిన సొమ్ము కంపెనీ తిరిగి ఇయ్యదు. “మా కంపెనీ వివరములివి, మీ కంపెనీకి మీరును కబురు చేయుడు” అని మర్యాదగా చెప్పి తప్పుకొనుడు. చిన్న సొట్టల విషయములో ఎవరి కారుకు వారు తమ తమ సొంత నష్టపు పాలసీ క్రింద పరిహారము పొందుట సులభమైన దారి.

పోలీసులకు చెప్పవలెనా?

మనుష్యులకు గాయమైనను, ప్రాణము పోయినను, ఇతరుల ఆస్తికి నష్టము కలిగి వారు పరిహారము కోరుచున్నను, బండి దొంగతనమైనను పోలీసులకు తప్పక తెలియజేయవలెను. మీ గోడకు మీ కారే తగిలి బంపరు పగిలినది, ఎవరికిని ఏమియు కాలేదు అన్నచో సాధారణముగా ఎఫ్.ఐ.ఆర్. అక్కరలేదు. సందేహమున్నచో కంపెనీ వారిని అడిగి తెలిసికొనుడు.

గాయపడినవారికి, మరణించినవారి కుటుంబమునకు పరిహారము నిర్ణయించునది మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు. అక్కడ ఆరు నెలలలోగా దరఖాస్తు చేయవలెనని 2019 సవరణ చెప్పుచున్నది. కనుక దెబ్బ తగిలినవారు ఆలస్యము చేయరాదు. గుద్దిన బండి ఏదో తెలియక పోయినప్పటికి, 2022 ఏప్రిల్ 1 నుండి మరణమునకు 2 లక్షలు, తీవ్రమైన గాయమునకు 50 వేల రూపాయలు ఇచ్చు ప్రభుత్వ పథకము కలదు. ఈ సంగతి పల్లెలలో చాలమందికి తెలియదు. గ్రామోద్యోగులు దీనిని ప్రచారము చేయుట పుణ్యము.

కంపెనీకి కబురు

పాలసీపై ముద్రించిన నంబరునకు అదే దినమున ఫోను చేయవలెను. పాలసీ నంబరు, బండి నంబరు, జరిగిన చోటు, వేళ, నడిపినవారి పేరు చెప్పవలెను. వారు ఇచ్చు క్లెయిమ్ నంబరును వ్రాసి ఉంచుకొనవలెను. ఈ నంబరు వచ్చువరకు కబురు అందినట్లు భావింపరాదు. మధ్యవర్తి ఏజెంటుకు చెప్పితిమి, ఆయన చూచుకొనునని ఊరకుండుట మంచిది కాదు.

కబురు ఆలస్యమైనంత మాత్రమున నిజమైన క్లెయిమును త్రోసివేయరాదని భీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు ఉత్తరువు పంపినది. ఆస్పత్రిలో ఉండుట, ఫోను పనిచేయక పోవుట వంటి తగిన కారణమున్నచో దానిని వ్రాసి చూపవచ్చును. అంతమాత్రము చేత కావలెనని ఆలస్యము చేయుట తెలివి కాదు.

కంపెనీ వారు చూడక ముందే బండిని విప్పింపరాదు, బాగుచేయింపరాదు. కోసిన చేనిలో పంట నష్టము చూపలేనట్లే, సాపుచేసిన సొట్టను ఎవరును లెక్క కట్టలేరు. బండి నడువలేని స్థితిలో ఉన్నచో లాగించుకొని పోవుటకైన ఖర్చును కొంతవరకు పాలసీ భరించును. ప్రామాణిక కారు పాలసీలో ఇది 1,500 రూపాయల వరకు. రసీదు తీసుకొనుడు.

ఫారములో ఉన్నదే వ్రాయుడు

క్లెయిములు చెడిపోవు కారణములలో అబద్ధము ముఖ్యమైనది. లైసెన్సు లేని కుమారుడు నడిపెను; ఫారములో తండ్రి నడిపినట్లు వ్రాసిరి. సందులో గోడకు తగిలెను. రహదారిలో లారీ కొట్టిపోయినట్లు వ్రాసిరి. సొట్ట లోతు, రంగు గీత, ఫొటో తేదీ చూచిన సర్వేయరుకు సంగతి తెలిసిపోవును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? గోడకు తగిలిన సొట్టకు కూడ పరిహారము వచ్చును గదా! దానిని లారీగా మార్చినందున వచ్చునది కూడ పోవును.

ఖాళీ ఫారముపై సంతకము చేసి షెడ్డువారి చేతికి ఇయ్యరాదు. వారు వ్రాసినదంతయు మీరు వ్రాసినట్లే లెక్క. పాత సొట్టలను కూడ ఈ దెబ్బలో కలిపి వ్రాయింతుమని ఆశ పెట్టువారి మాట వినరాదు.

ఫారముతోపాటు పాలసీ, రిజిస్ట్రేషను పత్రము, నడిపినవారి లైసెన్సు, బాగుచేయుటకు అంచనా, బ్యాంకు ఖాతా వివరములు కావలెను. సరకు బండికైనచో పర్మిట్టు, ఫిట్‌నెస్ పత్రము అడుగుదురు. మీరు ఇచ్చిన ప్రతి కాగితమునకు నకలు ఇంటిలో ఉంచుకొనుడు.

సర్వేయరు, షెడ్డు

నష్టమును లెక్కకట్టువాడు సర్వేయరు. ఇతనికి నియంత్రణ సంస్థ ఇచ్చిన లైసెన్సు ఉండవలెను. చిన్న నష్టములను కంపెనీ వారు ఫొటోలు, వీడియో చూచియే తేల్చుటయు కలదు. 2024 జూన్‌లో నియంత్రణ సంస్థ వెలువరించిన ఉత్తరువుల ప్రకారము, క్లెయిము అందిన 24 గంటలలోగా సర్వేయరును నియమింపవలెను. అతడు 15 దినములలో నివేదిక ఇయ్యవలెను. నివేదిక అందిన 7 దినములలో కంపెనీ తన నిర్ణయము చెప్పవలెను. కాగితములు చాలవను సాకుతో క్లెయిమును త్రోసివేయరాదని కూడ ఆ ఉత్తరువులలో ఉన్నది.

సర్వేయరు వచ్చినపుడు మీరుకూడ షెడ్డులో ఉండుట మంచిది. ఏ భాగము మార్చవలెను, ఏది సాపుచేసిన చాలును అను చర్చ అక్కడే జరుగును. విప్పిన తరువాత లోపల మరియొక నష్టము కనబడినచో పని ఆపించి సర్వేయరుకు మరల చూపవలెను.

కంపెనీతో ఒప్పందమున్న షెడ్డులో చేయించినచో కంపెనీ తన వంతును నేరుగా షెడ్డుకు కట్టును. మీ వంతు మాత్రము మీరు కట్టవలెను. ఊరిలో నమ్మిన మెకానిక్కు వద్ద చేయించినచో మొత్తము మీరే కట్టి, పన్ను వేసిన బిల్లులు చూపి తరువాత సొమ్ము తీసుకొనవచ్చును. మొదటి పద్ధతిలో చేతి పెట్టుబడి తక్కువ. రెండవ పద్ధతిలో అనుమతికి ముందు పని మొదలు పెట్టరాదు.

ఎంత వచ్చును?

షెడ్డు బిల్లంతయు కంపెనీ కట్టుననుకొనుట పొరపాటు. పాత భాగము తీసి క్రొత్తది వేసినపుడు, పాతదాని అరుగుదలను తగ్గించి ఇత్తురు. ప్రామాణిక పాలసీలో ఆ లెక్క ఇట్లుండును.

ప్లాస్టిక్కు, రబ్బరు, నైలాను భాగములు, టైర్లు, బ్యాటరీ: సగము తగ్గింతురు.
ఫైబరు గ్లాసు భాగములు: 30 శాతము తగ్గింతురు.
అద్దములు: ఏమియు తగ్గింపరు.
ఇనుము మొదలగు భాగములు: బండి వయస్సు ఆరు నెలల వరకు ఏమియు లేదు. తరువాత ఏడాది వరకు 5, రెండేండ్ల వరకు 10, మూడేండ్ల వరకు 15, నాలుగేండ్ల వరకు 25, అయిదేండ్ల వరకు 35, పదేండ్ల వరకు 40, ఆపైన 50 శాతము.
రంగు: రంగు సరుకు వెలలో సగము. పనితో కలిపి ఒకే బిల్లు వేసినచో అందులో నాలుగవ వంతును సరుకుగా లెక్కింతురు.
కూలి: తగ్గింపు లేదు.

ఇదిగాక ప్రతి క్లెయిములోను కొంత సొమ్ము సొంతదారు భరింపవలెను. 1,500 సి.సి. వరకు కార్లకు ఇది 1,000 రూపాయలు, ఆపైన 2,000 రూపాయలు.

ఒక ఉదాహరణ చూతము. ఒక రైతు కారు వయస్సు మూడున్నర ఏండ్లు, ఇంజను 1,200 సి.సి. అనుకొందము. చింతమానుకు తగిలి ముందు భాగము పాడైనది. లెక్క సులభమగుటకు పన్నులను విడిచిపెట్టుచున్నాము.

బంపరు, ప్లాస్టిక్కు: బిల్లు 6,000, వచ్చునది 3,000.
ఇనుప మడ్‌గార్డు: బిల్లు 4,000, వచ్చునది 3,000.
ముందు అద్దము: బిల్లు 5,000, వచ్చునది 5,000.
రంగు, పనితో కలిపి: బిల్లు 6,000, వచ్చునది 5,250.
కూలి: బిల్లు 3,000, వచ్చునది 3,000.

మొత్తము బిల్లు 24,000. వచ్చునది 19,250. ఇందులో సొంతదారు వంతు 1,000 తీసివేయగా కంపెనీ ఇచ్చునది 18,250 రూపాయలు. రైతు చేతినుండి పోవునది 5,750. అరుగుదల తగ్గింపు లేకుండ చెల్లించు అదనపు రక్షణ కూడ దొరకును. దానికి ప్రీమియము ఎక్కువ. క్రొత్త కారు కలవారికి అది లాభసాటి.

అడుగవలెనా, మానవలెనా?

గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని పెద్దలందురు. చిన్న సొట్టల విషయములో ఈ మాట బాగుగా వర్తించును. ఏడాదిలో క్లెయిము చేయనివారికి మరుసటి యేడు సొంత నష్టపు ప్రీమియములో రాయితీ ఇత్తురు. దీనికి నో క్లెయిమ్ బోనస్ అని పేరు. ఒక యేడు మానినచో 20, వరుసగా రెండేండ్లకు 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, అయిదేండ్లకు 50 శాతము. ఒక్క క్లెయిము చేసినచో ఈ మెట్లన్నియు జారి మరల సున్నకు వత్తుము.

పైన చెప్పిన రైతు నాలుగవ యేట ఉన్నాడు. క్లెయిము చేయకున్నచో వచ్చే యేడు 45 శాతము, ఆపై 50 శాతము చొప్పున రాయితీ పొందును. చేసినచో వరుసగా 0, 20, 25, 35, 45 శాతములు పొంది, ఆరవ యేట గాని 50కి చేరడు. ఏటేట కోల్పోవునది 45, 30, 25, 15, 5. మొత్తము 120 శాతము. రాయితీకి ముందు అతని సొంత నష్టపు ప్రీమియము 8,000 అనుకొన్నచో, అయిదేండ్లలో పోగొట్టుకొనునది 9,600 రూపాయలు. కారు పాతబడుకొలది ప్రీమియము తగ్గును గనుక నిజమైన నష్టము ఇంతకు కొంత తక్కువ.

ఇప్పుడు తూచి చూడుడు. 18,250 వచ్చుచోట క్లెయిము చేయుట న్యాయము. తలుపుపై గీత పడి 4,000 బిల్లు అయినచో, అరుగుదల, సొంత వంతు పోగా మూడు వేలు కూడ రాదు. దానికై తొమ్మిది వేల రాయితీ వదలుకొనుట నష్టము. కాగితము, కలము తీసి ఈ లెక్క వేసిన తరువాతనే క్లెయిము మాట ఎత్తుడు. అయితే ఇది మన సొంత కారు సొట్టకు మాత్రమే వర్తించును. మనుష్యులకు దెబ్బ తగిలినపుడు, ఎదుటివారు పరిహారము కోరుచున్నపుడు కంపెనీకి తెలుపక దాచరాదు.

ఈ రాయితీ కారుకు గాక మనిషికి చెందినది. కారు అమ్మినను దానిని క్రొత్త కారుకు మార్చుకొనవచ్చును. పాలసీ గడువు దాటి 90 దినములు ఊరకున్నచో మాత్రము పోవును.

పరిహారము పోగొట్టు పొరపాట్లు

సొంత వాడుకకని భీమా చేసిన కారును బాడుగకు త్రిప్పుట మొదటి పొరపాటు. తిరుపతిలో రైలు దిగిన యాత్రికులను తిరుమలకో, కాణిపాకమునకో, శ్రీకాళహస్తికో సొమ్ము తీసుకొని చేర్చుట కొందరికి పండుగ దినములలో పై రాబడి. ఆ ప్రయాణములో దెబ్బ తగిలినచో పాలసీలో చెప్పిన వాడుక దాటినందున కంపెనీ నిరాకరింపవచ్చును. రెండు వందల రాబడికి రెండు లక్షల రక్షణను ఒడ్డుట తగదు. బాడుగకు త్రిప్పదలచినవారు బండిని ఆ తరగతిలోనే రిజిస్టరు చేయించుకొనవలెను.

లైసెన్సు లేనివారు నడుపుట, త్రాగి నడుపుట సంగతి చెప్పనక్కరలేదు.

పాత కారు కొన్నవారు చేయు పొరపాటు మరియొకటి. రిజిస్ట్రేషను అమ్మినవాని పేరుననే ఉంచి, అతని పాలసీతోనే సంవత్సరములు గడపుదురు. థర్డ్ పార్టీ భాగము చట్టము ప్రకారము క్రొత్త సొంతదారుకు దానంతట అదే మారును. సొంత నష్టపు భాగము అట్లు మారదు. 14 దినములలోగా కంపెనీకి దరఖాస్తు చేయవలెను. అమ్మినవారికిని ప్రమాదము కలదు. రిజిస్టరులో పేరున్నవాడే బాధ్యుడని సుప్రీము కోర్టు 2018లో తీర్పు చెప్పినది.

వరద నీటిలో మునిగిన బండిని స్టార్టు చేయుట పెద్ద నష్టమునకు దారి. 2021 నవంబరులో తిరుపతిలో వీధులు ఏరులై పారిన దినములు, రాయలచెరువు కట్టకు అపాయమేర్పడి క్రింది పల్లెలను ఖాళీ చేయించిన దినములు మనకు గుర్తున్నవి. వరద వలన కలిగిన నష్టము ప్యాకేజి పాలసీలో చేరినదే. కాని నీరు చొచ్చిన ఇంజనును త్రిప్పినందున లోపలి భాగములు విరిగినచో, అది వరద వలన గాక మన చేత కలిగిన నష్టమని కంపెనీలు వాదించును. ఇంజనుకు ప్రత్యేక రక్షణ తీసుకొనని వారికి ఆ సొమ్ము దొరకుట కష్టము. బండి మునిగినచో తాళము త్రిప్పక, వీలైన బ్యాటరీ తీగ విప్పి, లాగించుకొని పోవుడు.

టమోటా బండి, ట్రాక్టరు

కారు లైసెన్సుతో చిన్న సరకు బండి నడిపినాడని క్లెయిములు నిరాకరించిన కాలమొకటి ఉండెను. మొత్తము తూకము 7,500 కిలోలకు లోపలనున్న సరకు బండిని తేలికబండి లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీము కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2024 నవంబరు 6న తేల్చి చెప్పినది. మదనపల్లె మార్కెట్టుకు టమోటా, దామలచెరువునకు మామిడి తోలు రైతులకు ఇది మేలైన తీర్పు.

సరకుతోపాటు బండిలో పోవు సరకు సొంతదారుకు గాని, అతని ప్రతినిధికి గాని 1994 సవరణ వలన రక్షణ కలదు. కాని పెండ్లికో, జాతరకో సరకు బండిలోను, ట్రాక్టరు ట్రైలరులోను జనమును ఎక్కించుకొని పోయినచో వారికి భీమా రక్షణ లేదు. అపాయము జరిగిన పరిహారమంతయు సొంతదారు నెత్తిన పడును, పొలమమ్మి కట్టవలసి వచ్చును. సేద్యమునకని భీమా చేసిన ట్రాక్టరుతో ఇసుక, ఇటుక బాడుగకు తోలుటయు ఇట్టిదే. ట్రైలరుకు వేరుగా భీమా ఉన్నదో లేదో చూచుకొనుడు.

న్యాయము జరుగనపుడు

కంపెనీ నిరాకరించినను, తక్కువ ఇచ్చినను, కారణమును వ్రాతమూలకముగా అడిగి తీసుకొనుడు. సర్వేయరు నివేదిక నకలు కూడ అడుగుడు. “పూర్తిగా ముట్టినది” అను కాగితముపై ఒప్పుదలలేక సంతకము చేయకుడు.

మొదట కంపెనీలోనే ఫిర్యాదుల అధికారికి వ్రాయుడు. భీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదులోనే ఉన్నది. 155255 నంబరునకు ఫోను చేసి కూడ ఫిర్యాదు నమోదు చేయింపవచ్చును. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు సరిగా లేకున్నను, హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చును. ఆంధ్ర ప్రదేశ్ ఆయన పరిధిలోనిదే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోగా అర్జీ చేరవలెను. ఇదిగాక 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనును రెండేండ్లలోగా ఆశ్రయింపవచ్చును. 5 లక్షల లోపు విలువగల కేసులకు అక్కడను రుసుము లేదు.

గ్రామోద్యోగులకు మనవి

పంట భీమా దినములలో రైతులను కూడగట్టి కాగితములు వ్రాయించు గ్రామోద్యోగులు, ఏడాదికొకసారి బండ్లు కలవారినికూడ పిలిచి పాలసీలు తెప్పించి చూడవలెను. ఎవరి గడువు ముగియుచున్నది, ఎవరి రిజిస్ట్రేషను పాత పేరున ఉన్నది, ఎవరి ట్రైలరుకు భీమా లేదు అను మూడు సంగతులు ఒక పూటలో తేలిపోవును. ఈ చిన్న పని ఒక కుటుంబమును అప్పులనుండి కాపాడవచ్చును.

రైతు సోదరులారా! విత్తనము మంచిదైనను అదనున చల్లకున్న పండదు. భీమా కాగితమును అట్టిదే. గడువు తప్పక కట్టుడు. దెబ్బ తగిలిననాడే కబురు చేయుడు. ఫారములో ఉన్నదున్నట్లు వ్రాయుడు. లెక్క చూచుకొని అడుగుడు. కట్టిన ప్రీమియము మీ కష్టార్జితము. న్యాయముగా రావలసినది అడిగి తీసుకొనుటకు మొగమాటపడకుడు.